మీ కారు బీమా అద్దె కారు ఎక్కదు

వాహన బీమా శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సెల్ఫ్ డ్రైవ్ కార్ల గురించే. దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి, కారణం అదే కాబోలు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు ఐదు సీట్ల కారు ఉంది. ఏటా పద్దెనిమిది వేలు పెట్టి ఫుల్ ఇన్సూరెన్స్, దానిమీద బంపర్ టు బంపర్ కూడా కడుతున్నాను. దసరాకు అమ్మానాన్నలతో, అత్తమామలతో శ్రీశైలం వెళ్లడానికి ఏడు సీట్ల బండి సెల్ఫ్ డ్రైవ్‌కు తీసుకుందామనుకుంటున్నాం. బుకింగ్ దగ్గర 'డ్యామేజ్ ప్రొటెక్షన్' అంటూ అదనంగా అడుగుతున్నారు. నాకు పాలసీ ఉండగా మళ్లీ ఇదెందుకు? పైగా నా పాలసీలో 'సరైన లైసెన్సు ఉన్న ఎవరైనా నడపవచ్చు' అని రాసి ఉంది కదా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ పాలసీ ఆ ఏడు సీట్ల బండికి ఒక్క రూపాయి కూడా ఇవ్వదండీ. మన దేశంలో మోటారు బీమా బండికి కట్టేది, మనిషికి కాదు. మీ పాలసీ మొదటి పేజీలో రిజిస్ట్రేషన్, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఉంటాయి చూడండి. ఆ నంబర్లున్న బండికే ఆ కాగితం పనికొస్తుంది. 'ఎవరైనా నడపవచ్చు' అన్న మాటకు అర్థం, మీ బండిని మీ బావమరిది నడిపినప్పుడు దెబ్బ తగిలినా క్లెయిమ్ చెల్లుతుందని. మీరు ఇంకొకరి బండి నడిపితే మీ పాలసీ వెంట వస్తుందని కాదు. చాలామంది ఈ వాక్యాన్ని తిరగేసి చదువుతారు. ఒకే యజమాని బండ్లన్నిటికీ కలిపి ఒకే ఫ్లోటర్ పాలసీ ఇవ్వడానికి 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించింది. అదీ మీ పేరున ఉన్న బండ్లకే, అద్దె బండి అందులో చేరదు.

మరి అద్దె బండికి దిక్కెవరు? ఆ బండి మీద అద్దె సంస్థ కట్టిన పాలసీయే. అందులో థర్డ్ పార్టీ భాగం మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. ఎదుటి మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంతంటే అంత బీమా కంపెనీ కడుతుంది, దానికి పరిమితి లేదు. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి మాత్రం సాధారణంగా 7.5 లక్షల వరకే. ఇక ఓన్ డ్యామేజ్ భాగం, అంటే ఆ కారుకే తగిలిన దెబ్బలకు ఇచ్చేది, ఉండి తీరాలని చట్టం చెప్పదు. ఉన్నా అది సంస్థకూ బీమా కంపెనీకీ మధ్య ఒప్పందం, అందులో మీ పేరు ఎక్కడా ఉండదు. మీరు ఎంత కట్టాలన్నది మీరు సంతకం చేసే, లేదా ఫోన్‌లో టిక్కు కొట్టే, అగ్రిమెంటే తేలుస్తుంది.

'డ్యామేజ్ ప్రొటెక్షన్' పేరు బీమాలా వినిపిస్తుంది గానీ, చాలా చోట్ల అది ఇంతకు మించి మీ దగ్గర వసూలు చేయం అని సంస్థ ఇచ్చే మాట మాత్రమే. కాబట్టి అందులో ముందు వెతకాల్సింది మీ బాధ్యత ఎంతవరకు అన్న అంకె. అది 10,000 అని ఉంటే, షెడ్డు బిల్లు 60,000 అయినా మీ జేబులోంచి పోయేది పదివేలే. ఆ రక్షణ తీసుకోకపోతే అరవై వేలూ మీవే, బండి షెడ్డులో ఉన్న రోజుల అద్దె అదనం. తర్వాత చూడాల్సింది మినహాయింపులు. టైర్లు, అద్దాలు, అలాయ్ చక్రాలు, బండి అడుగు భాగం, పోయిన తాళంచెవి... ఇవి రక్షణలోకి రావని తరచూ రాసి ఉంటుంది. ఘాట్ దారిలో ముందు దెబ్బ తినేవి టైర్లూ అడుగు భాగమే!

శ్రీశైలం దారికి ప్రత్యేకంగా ఇంకో చిక్కుంది. మన్ననూరు దగ్గర అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. దర్శనం ఆలస్యమై గేటుకు అవతలే ఉండిపోతే మీ బుకింగ్ సమయం దాటిపోతుంది. పొడిగించుకోకుండా నడిపిన గంటలకు రక్షణ వర్తించదని చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. కాబట్టి బుకింగే ఒక పూట ఎక్కువకు చేసుకోండి. శ్రీశైలం ఆంధ్రప్రదేశ్‌లోకి వస్తుంది గనుక అగ్రిమెంట్ రాష్ట్రం దాటనిస్తుందో లేదో, బండికి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో అడిగి తెలుసుకోండి. అలవాటు లేని పెద్ద బండి, బండి నిండా మనుషులు, ఘాట్ మలుపులు. మా సలహా ఆ అదనపు డబ్బు కట్టమనే.

ప్రశ్న: మా పాలసీతో పాటు అద్దె కారు ఖర్చు ఇచ్చే యాడ్-ఆన్ కూడా తీసుకున్నాం. అద్దె కార్లకూ ఇదే కవర్ అని ఏజెంటు చెప్పారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: కాదమ్మా. ప్రమాదం జరిగి మీ సొంత కారు షెడ్డులో ఉన్నన్నాళ్లూ క్యాబులకో అద్దె బండికో రోజుకు ఇంత అని ఇచ్చే భత్యం అది. క్లెయిమ్ ఒప్పుకున్నాకే వస్తుంది. మొదటి కొన్ని రోజులు లెక్కలోకి రావు, మొత్తం ఎన్ని రోజులో కూడా ముందే రాసి ఉంటుంది. ఆ డబ్బుతో మీరు తెచ్చుకున్న అద్దె బండికి సొట్ట పడితే మాత్రం ఆ యాడ్-ఆన్‌కు సంబంధం లేదు.

ప్రశ్న: మా మేనల్లుడికి తెలిసిన ఒకాయన తెల్ల ప్లేటు కారు రోజుకు 1,800కి ఇస్తానంటున్నాడు. బయట అదే మోడల్ 2,800 చెబుతున్నారు. కారు కొత్తదే, ఇన్సూరెన్సు ఉందంటున్నాడు. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ వెయ్యి రూపాయల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకపు బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే డ్రైవరుతో నడిచే టాక్సీ. సెల్ఫ్ డ్రైవ్‌కు ఇవ్వడానికి అనుమతి ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ పథకం కింద లైసెన్సు కావాలంటే కనీసం 50 క్యాబ్‌లు ఉండాలి. ఒక్క కారు పెట్టుకుని అద్దెకు తిప్పే మనిషికి ఆ లైసెన్సు దొరకదు.

సొంత వాడకపు కారు పాలసీలో 'వినియోగ పరిమితులు' అని ఒక పేరా ఉంటుంది. కిరాయికి గానీ ప్రతిఫలానికి గానీ వాడితే పాలసీ వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. అంటే మీరు అద్దె ఇచ్చి ఆ కారు నడుపుతున్నప్పుడు దెబ్బ తగిలితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తోసిపుచ్చడానికి బీమా కంపెనీకి కారణం సిద్ధంగా ఉంటుంది. ఎదుటి మనిషికి దెబ్బ తగిలిన కేసుల్లో ట్రిబ్యునళ్లు చాలాసార్లు 'ముందు బాధితుడికి కట్టండి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోండి' అని కంపెనీని ఆదేశిస్తాయి. అలా రాబట్టడం మొదలయ్యాక యజమాని మీ ఇంటికి వస్తాడు.

ప్రమాదం జరిగాక ఇలాంటి చోట తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. 'అద్దె అని చెప్పకండి, స్నేహితుడని చెప్పండి.' దానికి ఒప్పుకోకండి. మీరు పంపిన అద్దె ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో తేదీతో సహా నమోదై ఉంటుంది. క్లెయిమ్ ఫారంలో అబద్ధం రాసినట్టు తేలితే డబ్బూ రాదు, సంతకం పెట్టినవాళ్లు చిక్కుల్లోనూ పడతారు.

ఏ బండి తీసుకున్నా కేంద్ర రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. వాహన తరగతి దగ్గర క్యాబ్ అని ఉందో సొంత కారు అని ఉందో, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పొల్యూషన్ గడువులు ఎప్పటివరకో కనిపిస్తాయి. ఆ గడువు చూసి సరిపెట్టుకోవద్దు. అది పూర్తి పాలసీయో, థర్డ్ పార్టీ ఒక్కటేనో తెలియాలంటే పాలసీ కాపీ అడిగి ప్రీమియం వివరాలు చూడాలి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం దగ్గర సున్నా ఉంటే ఆ కారుకు పడే ప్రతి గీతా మీ ఖాతాలోదే. బీమాయే లేని బండి నడుపుతూ దొరికితే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000, రెండోసారి 4,000 జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. ఇది నడిపేవారికీ వర్తిస్తుంది, యజమానికే కాదు.

ఇంకొందరు అడిగారు: నల్ల ప్లేటు బండికి మామూలు లైసెన్సు చాలదని భయపెడుతున్నారని. చాలుతుంది. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

ప్రశ్న: రెండు రోజులకు కారు తీసుకున్నాం. తిరిగి ఇచ్చేటప్పుడు వెనక బంపర్ పగిలిందని, ఎడమ తలుపుకు సొట్ట ఉందని అన్నారు. బంపర్ మా వల్లే, ఒప్పుకుంటాం. తలుపు సంగతి మాకు తెలియదు. రిపేరు 20,300, తొమ్మిది రోజుల డౌన్‌టైమ్ (బండి షెడ్డులో ఉన్న రోజుల అద్దె) రోజుకు 1,800 చొప్పున 16,200, వెరసి 36,500 అన్నారు. డిపాజిట్ 5,000 పోను ఇంకా 31,500 కట్టమంటున్నారు. ఇన్సూరెన్సు క్లెయిమ్ చేస్తున్నామనీ వాళ్లే చెబుతున్నారు. రెండు వైపులా తీసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఒకే రిపేరుకు మీ దగ్గర పూర్తిగా, బీమా కంపెనీ దగ్గర పూర్తిగా తీసుకోవడం కుదరదు. క్లెయిమ్ చేస్తే మీ దగ్గర అడగాల్సింది కంపెనీ కోత పెట్టిన భాగమే. ఆ కోత ఎలా ఉంటుందో మీ అంకెలతోనే చూద్దాం. 20,300లో కొత్త బంపర్ 7,000, పెయింటింగ్ 8,000, డెంటింగ్, బిగింపు కూలీ 5,300 అనుకోండి. ప్లాస్టిక్ భాగాలకు తరుగు 50 శాతం కాబట్టి బంపర్ మీద 3,500 పోతుంది. పెయింటు బిల్లులో పావు భాగాన్ని రంగు ఖరీదుగా లెక్కేసి, అందులో సగం కోస్తారు. ఎనిమిది వేలకు అది 1,000. కూలీ మీద తరుగు లేదు. మొత్తం కోత 4,500, దానిపైన పాలసీలో రాసిన తప్పనిసరి మినహాయింపు ఒకటి. సొంత కారుకైతే అది 1,500 సీసీ వరకు 1,000, ఆపైన 2,000. క్యాబ్‌కు ఎంతో దాని పాలసీలోనే ఉంటుంది. బండికి జీరో డిప్రిసియేషన్, అంటే తరుగు కోయని బంపర్ టు బంపర్ కవర్, ఉంటే ఆ 4,500 కూడా కంపెనీయే ఇస్తుంది.

అయితే ఇంత చిన్న రిపేరుకు చాలా సంస్థలు నిజానికి క్లెయిమ్ వేయవు. వేస్తే వచ్చే ఏడు వాళ్ల నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. వేయకపోతే అగ్రిమెంట్ ప్రకారం అసలు బిల్లు మీ దగ్గర అడగవచ్చు. అసలు బిల్లు మాత్రమే సుమా, ఎస్టిమేట్ కాదు. షెడ్డు ఎస్టిమేట్‌లో మార్చాలని రాసిన భాగం చివరికి రిపేరుతో సరిపెట్టేయడం మామూలే.

కాబట్టి ఈమెయిల్‌లో, ఫోన్‌లో కాదు, నాలుగు కాగితాలు అడగండి. బండి మీకు ఇచ్చినప్పుడు తీసిన ఫొటోలు, సమయంతో సహా. జీఎస్టీ నంబరున్న తుది బిల్లు. బండి షెడ్డులోకి వెళ్లిన తేదీ, బయటికొచ్చిన తేదీ ఉన్న జాబ్ కార్డ్. క్లెయిమ్ వేసి ఉంటే బీమా కంపెనీ ఎంత ఇచ్చిందో తెలిపే సెటిల్‌మెంట్ పత్రం. తలుపు సొట్ట సంగతి మొదటి కాగితంతో, తొమ్మిది రోజుల సంగతి మూడో దానితో తేలుతుంది. ఒక బంపర్, ఒక తలుపు పని సాధారణంగా రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. షెడ్డులో వరుస ఉండి బండి ఊరికే నిలబడితే ఆ రోజులకు మీరెందుకు కట్టాలి? అగ్రిమెంట్‌లో డౌన్‌టైమ్‌కు గరిష్ఠ రోజులు రాసి ఉన్నాయేమో కూడా చూడండి.

కాగితాలు ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటని కేసులకు ఫీజు లేదు. బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి మాత్రం వెళ్లకండి, ఆ పాలసీ మీది కాదు గనుక మీ ఫిర్యాదు అక్కడ నిలబడదు.

ఈసారి బండి తీసుకునేటప్పుడు రెండు నిమిషాల వీడియో ఒకటి తీసుకోండి. మొదట నంబర్ ప్లేటు, తర్వాత ఇంజిన్ ఆన్ చేసి కిలోమీటర్ల రీడింగు, ఇంధనం. అక్కడి నుంచి ఒక మూలన మొదలుపెట్టి ఆపకుండా బండి చుట్టూ తిరగాలి. బంపర్ల కింది అంచుల కోసం వంగి తీయాలి, అక్కడి గీతల మీదే ఎక్కువ గొడవలు. చక్రాల అంచులు, పైకప్పు, ముందు అద్దం, డిక్కీలో స్టెప్నీ, జాకీ కూడా. సెల్లార్ పార్కింగ్‌లో ఇస్తే ఎండలోకి తెప్పించుకోండి. అప్పుడే కడిగి తెచ్చిన బండైతే తుడిచి చూడండి, తడి మీద గీతలు కనిపించవు. తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ల మనిషి ఎదుటే ఇంకో వీడియో తీయండి. రెండూ అప్పటికప్పుడే ఎవరికైనా వాట్సాప్ చేస్తే సమయం దానంతటదే నిలిచిపోతుంది.

ప్రశ్న: బుకింగ్ నా పేరు మీద. దారిలో మా తమ్ముడు కాసేపు నడిపితే ఏమవుతుంది? వాడికీ లైసెన్సు ఉంది.
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: బండి పాలసీకి అభ్యంతరం లేకపోవచ్చు, అగ్రిమెంటుకు ఉంటుంది. పేరు నమోదు కాని మనిషి నడుపుతుండగా దెబ్బ తగిలితే మీరు కొన్న రక్షణ రద్దయి మొత్తం నష్టం మీ మీద పడుతుంది. అదనపు డ్రైవరుగా పేరు, లైసెన్సు ముందే ఎక్కించుకోండి. తాగి నడిపితే, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే, అగ్రిమెంటూ కాపాడదు, పాలసీ ఓన్ డ్యామేజూ కాపాడదు. తమ్ముడైనా మీరైనా.

ప్రశ్న: వానాకాలం అద్దె కారు నీళ్లలో ఆగిపోతే ఎవరు భరించాలి?
— ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: ఎక్కడ, ఎలా ఆగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పార్క్ చేసి ఉన్న బండి వరదలో మునిగితే, 2020 అక్టోబరులో నగరంలో చాలా బండ్లు మునిగినట్టు, అది ఓన్ డ్యామేజ్‌లోకి వచ్చే నష్టం. నిండిన అండర్‌పాస్‌లోకి నడిపిస్తే కథ వేరు. గాలి పీల్చే గొట్టం గుండా నీళ్లు సిలిండర్లలోకి చేరతాయి. గాలిలా నీరు అణగదు. పిస్టన్ పైకి తోసేసరికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆగిన బండికి మళ్లీ తాళం తిప్పిన క్షణంలోనే చాలాసార్లు ఇది జరుగుతుంది. ఆ ఇంజిన్ నష్టాన్ని మామూలు పాలసీ ఇవ్వదు, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉండాలి. అద్దె సంస్థ దాన్ని మీ నిర్లక్ష్యం కింద రాస్తుంది. ఇంజిన్ మార్పిడి బిల్లు లక్షల్లోకి వెళ్తుంది, అద్దె కార్ల గొడవల్లో ఇంత పెద్దది ఇంకోటి ఉండదు.

నీళ్లు చక్రం మధ్య బొడ్డు దాకా వస్తే ఇక ముందుకు వెళ్లకండి. ఆగిపోతే తాళం ముట్టుకోవద్దు. న్యూట్రల్‌లో వేసి తోయించి ఎత్తుగా ఉన్న చోటికి చేర్చండి. నీటి గీత కనిపించేలా లోపలా బయటా ఫొటోలు తీసి, సంస్థకు ఫోన్ చేసి టోయింగ్ బండి పిలిపించండి. దారిన పోయే మెకానిక్ 'ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం సార్' అంటే వద్దనండి.

ప్రశ్న: బండి సంగతి సరే. అద్దె కారు నడుపుతూ నాకే ఏదైనా అయితే ఇంట్లోవాళ్లకు ఏం వస్తుంది? నా కారు పాలసీలో 15 లక్షల ప్రమాద బీమా ఉంది.
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: వచ్చిన ప్రశ్నలన్నిటిలో ముఖ్యమైనది ఇదే. అందరూ సొట్టల గురించే అడిగారు.

ఆ 15 లక్షలు యజమాని–డ్రైవరుకు, అంటే మీ సొంత బండి మీరు నడుపుతున్నప్పుడు. అద్దె బండిలో అది వర్తించదు. అద్దె సంస్థ పాలసీలో యజమాని ఒక కంపెనీ. కంపెనీకి డ్రైవింగ్ లైసెన్సు ఉండదు గనుక ఆ కవరే ఉండదు. ఎదుటి బండి తప్పైతే దాని బీమా కంపెనీ మీద క్లెయిమ్ వేయవచ్చు. మీ బండి మీ చేతిలోనే డివైడర్‌ను కొట్టిందనుకోండి, అప్పుడు? 2009లో సుప్రీంకోర్టు నింగమ్మ కేసులో, అరువు తెచ్చుకున్న మోటారు సైకిలు నడుపుతూ చనిపోయిన వ్యక్తి విషయంలో, బండి తీసుకున్నవాడు యజమాని స్థానంలో నిలబడతాడని చెప్పింది. యజమానే పరిహారం కట్టాల్సినవాడు. తనకు తాను కట్టుకోలేడు కాబట్టి ఆ బండి థర్డ్ పార్టీ పాలసీ కింద 163-ఎ సెక్షన్ క్లెయిమ్ (తప్పు ఎవరిదో నిరూపించకుండానే పరిహారం అడిగేది) చెల్లదంది. 2020లో మరో తీర్పులోనూ అదే మాట. అద్దెకు తీసుకుని నడిపేవారికి కూడా బీమా కంపెనీలు ఇదే వాదన ఎదురుపెడతాయి.

ఈ ఖాళీని పూడ్చేది బండితో సంబంధం లేని వ్యక్తిగత ప్రమాద బీమా. ఎవరి బండిలో ఉన్నా, నడుస్తూ ఉన్నా పనిచేస్తుంది. మరణంతో పాటు శాశ్వత వైకల్యం, పని చేయలేని వారాలకు డబ్బు ఉన్నవి చూసి తీసుకోండి. తాగి ఉన్నా, లైసెన్సు లేకపోయినా ఇవ్వరు. ఆసుపత్రి ఖర్చుకు మీ ఆరోగ్య బీమా ఏ బండి అని అడగదు. వీటికి తోడు 2025లో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల దాకా చికిత్స ఉంది.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి ఐదు నెలలకు వెళ్తున్నాం. 'అక్కడ నా ఇన్సూరెన్సే రెంటల్ కారుకూ వస్తుంది నాన్నా, మీరు కూడా నడపొచ్చు' అంటున్నాడు. ఇక్కడ మీరేమో రాదంటారు. ఏది నిజం?
— ఒక పాఠకుడు, ఎల్.బి.నగర్

జవాబు: ఇద్దరిదీ నిజమే, దేశాలు వేరు. అక్కడ వ్యక్తిగత కారు పాలసీ బండితో పాటు మనిషి వెంట కూడా నడుస్తుంది. మీ అబ్బాయి సరదా ప్రయాణానికి కారు అద్దెకు తీసుకుని తనే నడిపితే, ఎదుటివారికి కట్టాల్సిన లయబిలిటీ భాగం తన పాలసీలో ఉన్న పరిమితి వరకు సాధారణంగా ఆ కారుకూ వస్తుంది. కానీ 'వస్తుంది' అన్న మాట వెనక మెలికలున్నాయి.

టెక్సస్‌లో చట్టం అడిగే కనీస లయబిలిటీ గాయాలకు మనిషికి 30,000, ప్రమాదానికి 60,000, ఆస్తికి 25,000 డాలర్లు. అక్కడ కొత్త కారు ఒక్కటి తుక్కైతేనే 25,000 దాటిపోతుంది. మీ అబ్బాయి కనీసంతో సరిపెట్టుకుని ఉంటే మిగతాది తన సొంత డబ్బే. అద్దె కారుకు తగిలిన దెబ్బలకు డబ్బు రావాలంటే తన పాలసీలో కొలిజన్ (ఢీకొన్న నష్టానికి), కాంప్రహెన్సివ్ (దొంగతనం లాంటి ఇతర నష్టాలకు) ఉండాలి. పాత కారుకు లయబిలిటీ ఒక్కటే కట్టే కుర్రాళ్లు చాలామంది, వాళ్లకు ఈ భాగం అసలు రాదు. ఉన్నవాళ్లు కూడా డిడక్టిబుల్, అంటే 500 గానీ 1,000 గానీ డాలర్లు, ముందు తామే కట్టుకోవాలి. కారు షెడ్డులో ఉన్న రోజుల నష్టం, రిపేరయ్యాక తగ్గిన విలువ అంటూ అద్దె సంస్థ వేసే పద్దులను చాలా పాలసీలు పూర్తిగా ఇవ్వవు. పాలసీ అమెరికా, కెనడా, ప్యూర్టోరికోలలో చెల్లుతుంది. టెక్సస్ నుంచి సరిహద్దు దాటి మెక్సికో వెళ్తే చెల్లదు.

ఇక మీరు నడపడం. అబ్బాయి సొంత కారును మీరు అతని అనుమతితో నడిపితే సాధారణంగా పాలసీ కాపాడుతుంది. అద్దె కారుకు ఆ ధీమా వద్దు. అక్కడ ఎక్కువగా వాడే పాలసీ మాటల ప్రకారం, సొంతం కాని కారుకు రక్షణ పాలసీదారుకూ అతని ఇంట్లో స్థిరంగా ఉండే కుటుంబ సభ్యులకూ. ఐదు నెలలకు వచ్చిన తండ్రి ఆ లెక్కలోకి వస్తాడో రాడో అన్నది వాదన. మీ అబ్బాయిని తన బీమా కంపెనీకి ఈమెయిల్ చేసి, మీరు నడిపే అద్దె కారుకు కవర్ ఉందా లేదా అని రాతపూర్వకంగా అడగమనండి. జవాబు స్పష్టంగా లేకపోతే మిమ్మల్ని అగ్రిమెంట్‌లో అదనపు డ్రైవరుగా ఎక్కించి, అద్దె కౌంటర్ దగ్గరే సప్లిమెంటల్ లయబిలిటీ, అంటే ఎదుటివారి నష్టానికి అదనపు కవర్, తీసుకోండి. చాలామంది ఎల్‌డీడబ్ల్యూ (లాస్ డ్యామేజ్ వేవర్) తీసుకుని దీన్ని వదిలేస్తారు, అది తలకిందుల లెక్క. ఎల్‌డీడబ్ల్యూ ఆ కారు నష్టాన్ని మాఫీ చేస్తుంది, అంతే. మనిషికి దెబ్బ తగిలితే వచ్చే దావా ఇల్లూ వాకిలీ అమ్ముకునేంత ఉంటుంది. పైగా 2005 నాటి గ్రేవ్స్ సవరణ వల్ల, కేవలం కారు తమది అయినంత మాత్రాన అద్దె సంస్థలు డ్రైవరు తప్పుకు బాధ్యులు కావు.

అబ్బాయి క్రెడిట్ కార్డులో అద్దె కారు కవర్ ఉంటే అది కారు నష్టానికే, లయబిలిటీకి కాదు. బుకింగ్ మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి, కౌంటర్‌లో ఎల్‌డీడబ్ల్యూ వద్దనాలి, రోజుల పరిమితి ఉంటుంది. మీరు ఇక్కడ కొనే ట్రావెల్ మెడికల్ పాలసీ ఇందులో దేనికీ పనికిరాదు.

బయల్దేరే ముందు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఏడాది చెల్లుతుంది. పాస్‌పోర్టు కాపీ, ఇక్కడి లైసెన్సు అడుగుతారు. అక్కడ దానితో పాటు అసలు లైసెన్సు కార్డు కూడా దగ్గర ఉండాలి, పర్మిట్ ఒక్కటే చూపిస్తే బండి ఇవ్వరు.

ప్రశ్న: అద్దె కారుకు యాక్సిడెంట్ అయింది. నా సొంత కారు నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది, పోతుందా?
— ఒక పాఠకుడు, నాచారం

జవాబు: పోదు. మీ పాలసీ మీద క్లెయిమ్ వేయలేదు కదా.